హనుమంతు గురించి నన్నే రాయమన్నారు

హనుమంతు గురించి రెండు పేజీలు రాసివ్వమని చిన్మయి అడిగింది. జూబ్లీహిల్స్‌లో తను కొత్తగా పెట్టిన రికార్డుల గదిలో గోడకి ఫ్రేము కట్టించి పెడుతుందట. "వాళ్లూ వీళ్లూ ఎందుకు అంకుల్, హనుమంతన్న గురించి మీకంటే బాగా ఎవరికి తెలుసు?" అంది. నిజమే. పదిహేనేళ్ల పాటు ఒక మనిషిని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నవాడికి ఆ మనిషి గురించి తెలిసినంత, కట్టుకున్న పెళ్లానికి కూడా తెలియదు. అందుకే రాస్తున్నాను. ఇది గోడకి పెట్టుకోవడానికి పనికొస్తుందో లేదో ఆ పిల్లే చూసుకోవాలి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే వాడి సంగతి అర్థం కాదు. నా పేరు త్రినాథరావు. మాది పిఠాపురం. ఇరవై రెండేళ్ల వయసులో మద్రాసు వెళ్లి ఒక సౌండ్ ఇంజనీరుగారి దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్లం. సినిమా పరిశ్రమ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయన వచ్చారు, ఆయన వెనకాల నేనూ వచ్చాను. ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు, నేను మోతీనగర్‌లో రెండు గదుల వాటా చూసుకున్నాను. ఆయన మేడమీద ఒక పెద్ద గదినిండా రికార్డులు. నాలుగు వేల పైచిలుకు ఉంటాయి. మూడు టర్న్‌టేబుళ్లు. వాటిని దుమ్ము దులపడం, ముల్లు మార్చడం, బెల్టు సాగితే కొత్తది వెయ్యడం, అట్టలు చిరిగితే అతికించడం, అన్నీ నేనే. గది తాళంచెవి నా జేబులో ఉండేది. పెద్దాయన ఉన్నప్పుడూ అంతే, పదకొండేళ్ల క్రితం ఆయన పోయాకా అంతే. ఆయన భార్య అనసూయమ్మగారు కూడా నన్ను అడిగే ఆ గదిలోకి వచ్చేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గర్వం ఉంటుంది. నా గర్వం ఆ తాళంచెవి.

హనుమంతు ఆ ఇంటికి డ్రైవరుగా వచ్చాడు. సొంతూరు సిద్దిపేట అవతల ఏదో పల్లె, ఉండేది బోరబండలో. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో. చిన్మయి పెద్దాయన మనవరాలు, అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున ఆ పిల్లని బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం వాడి పని. మధ్యలో బోలెడంత ఖాళీ. ఖాళీగా ఉన్న డ్రైవరు పోర్టికోలో కుర్చీ వాల్చుకుని కునుకు తీయచ్చు కదా! ఫిల్మ్‌నగర్‌లో ఏ ఇంటి ముందు చూసినా డ్రైవర్లు చేసే పని అదే. వీడు మాత్రం చెప్పులు కింద విడిచి మేడెక్కి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"ఏంటయ్యా?" అనేవాణ్ణి.

"ఏం లేదు సార్. చూస్తున్న."

చూడొద్దని ఎలా అంటాం? ఆర్నెల్లు అలా చూశాడు. ఒకరోజు నేను రికార్డు తిప్పుతూ దాని మీద వెల్వెట్ బ్రష్ ఆనించి దుమ్ము తీస్తున్నాను. ఆ బ్రష్ మద్రాసులో కొన్నది, విదేశీ సరుకు. ముప్పై ఏళ్లుగా నేను చేసే పద్ధతి అదే. అప్పుడు మొదటిసారి వాడు నోరు తెరిచాడు.

"సార్, పొడిగ తుడిస్తే గీతలు పడ్తయి గద? కారద్దమైనా ముందుగాల నీళ్లు గొట్టి దుమ్ము నాననియ్యాలె."

"ఇది కారద్దం కాదయ్యా బాబూ," అన్నాను.

"గది గూడ నిజమే సార్," అని తల వంచుకున్నాడు.

ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు రాస్తున్నాను. వాడన్నదే నిజం. మా ఫిల్మ్‌నగర్ దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఏ పక్క చూసినా బండలు కొట్టి ఇళ్లు కడుతూనే ఉంటారు, ఆ రాతిపొడి కిటికీ సందుల్లోంచి వచ్చి అన్నిటి మీదా కూర్చుంటుంది. దాన్ని పొడిగా తుడవడమంటే రికార్డు గాడుల మీద గరుకు కాగితం రుద్దడమే. పెద్దాయన "ఏమిటి త్రినాథూ, ఈ మధ్య అన్నీ చిటపటలాడుతున్నాయి?" అని అడిగినప్పుడల్లా "కంపెనీవాళ్లు అచ్చు సరిగ్గా వెయ్యలేదండీ" అనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. వాడా మాట అన్న మర్నాడు నేనొక్కణ్ణీ కూర్చుని వరసగా పెట్టి విన్నాను. నేను మురిపెంగా రోజూ తుడిచినవన్నీ పోపు వేగినట్టు వేగుతున్నాయి. నేను ముట్టని మూలవరస రికార్డులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆ డ్రైవరు ముఖం చూస్తే నాకు ఒళ్లు మండేది. తప్పు పట్టినందుకు కాదు. పట్టి ఊరుకున్నందుకు. ఎవరికైనా చెప్తే వాడితో పోట్లాడేవాణ్ణి కదా!

పెద్దాయన పోయిన ఏడాదికి నాకు కంటి ఆపరేషన్ అయింది. దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరు నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టాడు. తాళంచెవి అమ్మగారికి ఇచ్చి వెళ్లాల్సివచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని నెల తర్వాత ఆ ఇంటి గేటు తీసేసరికి పైనించి పాట వినిపించింది. నాకు బాగా తెలిసిన రికార్డు అది. ఇరవై ఏళ్లు నేను తుడిచిన రికార్డు. చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి పీల్చడం మెట్ల దగ్గరికి వినిపిస్తోంది. ఆ ఊపిరి ఆ పాటలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పైకి వెళ్లాను. అనసూయమ్మగారు పెద్దాయన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. హనుమంతు కిందకూర్చుని ఇంకో రికార్డు కడుగుతున్నాడు. కడగడమే! మధ్యనున్న కాగితం తడవకుండా అటూ ఇటూ రెండు డబ్బా మూతలు బిగించాడు. బ్యాటరీలో పోసే నీళ్లు, అందులో ఒక్క చుక్క సబ్బు, జిడ్డు ఉంటే కాస్త స్పిరిట్. రంగులు వేసుకునే మెత్తటి కుంచెతో గాడి ఎటు తిరిగితే అటే తిప్పుతూ, నొక్కకుండా తడుపుతున్నాడు. కడిగినవి వంటింట్లో పళ్లేలు ఆరబెట్టుకునే స్టాండులో వరసగా నిలబెట్టాడు.

"విన్నావా త్రినాథూ? కొత్తదానిలా ఉంది. మన హనుమంతు చెయ్యే," అన్నారు ఆవిడ.

"బాగుందండీ," అన్నాను. ఆముదం తాగిన ముఖంతో అన్నానని నాకే తెలుసు.

గీతలు పడినవి మళ్లీ బాగుపడవు, ఎవరు కడిగినా. కానీ నేను గీతలనుకున్న సగం చప్పుడు ఉత్త మురికేనని వాడు తేల్చిపెట్టాడు. అంటే ముప్పై ఏళ్లు నేను చేసినది ఒక సగం పాడుచెయ్యడం, రెండో సగం కడగకపోవడం. తాళంచెవి నా జేబులోకి తిరిగొచ్చింది గానీ, అప్పట్నుంచి వాడు ఆ గదిలో మనిషైపోయాడు. కారు నడపడం ఉండనే ఉంది, మిగతా పొద్దంతా మేడమీదే.

నేనేం చేశానంటే, ఏమీ నేర్పలేదు. అది నా చేతిలో ఉన్న పని, దాన్ని శ్రద్ధగా చేశాను. ముల్లు మీద ఎంత బరువు పెట్టాలి సార్ అంటే "చెప్తాలే" అనేవాణ్ణి. బరువు సరిచేసేటప్పుడు వాడికి వీపు పెట్టి నిలబడేవాణ్ణి. పాతకాలపు లక్క రికార్డులు రెండు బీరువాల్లో పెట్టి తాళం వేసుకున్నాను, వాటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఏదైనా ఎందుకని అడిగితే "అదంతే" అనేవాణ్ణి. ముప్పై ఏళ్ల పైన పెద్దాయన తిట్లు తిని నేర్చుకున్న విద్య, చెప్పులు విడిచి వచ్చినంత మాత్రాన ఎవడికో ధారపోస్తానా?

అయినా వాడికి పని వచ్చేసేది. ఎలా వస్తోందో నాకు బోధపడేది కాదు. ఏ పని చేస్తున్నా మధ్యలో ఒకసారి తలెత్తి నావైపు చూసేవాడు. బరువు కొంచెం పెంచేవాడు, నన్ను చూసేవాడు. కొంచెం తగ్గించేవాడు, మళ్లీ చూసేవాడు. భయం కాబోలు అనుకుని లోలోపల సంతోషించేవాణ్ణి. ఒకసారి టర్న్‌టేబులు ఇరుసులో నూనె వెయ్యడానికి కొబ్బరినూనె సీసా తీశాడు. చలికాలం. గడ్డకట్టి చక్రం బిగుసుకుపోతుంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చుని, వెయ్యి నాయనా వెయ్యి, అని మనసులో అనుకుంటున్నాను. ఎందుకో వాడు సీసా కింద పెట్టేసి, వెళ్లి కుట్టుమిషను నూనె పట్టుకొచ్చాడు. వెధవ అదృష్టం అనుకున్నాను.

ఇంటికెళ్లినా వాడి గొడవే. మా ఆవిడ పుష్పవల్లి ఒకరోజు కంచం ముందు పెట్టి, "ఏవండీ, ఆ హనుమంతు మీ ఆస్తేమైనా రాయించుకున్నాడా? పులుసులో ఉప్పు ఎక్కువైందని కూడా వాడినే తిడుతున్నారు!" అంది. ఆస్తి కాకపోతే ఏమిటి మరి? కొత్తగా వచ్చిన సంగీత దర్శకులు, వాళ్ల తాతల రికార్డులు సంచుల్లో వేసుకుని వచ్చేవారు. గేటు దగ్గరే "హనుమంతు ఉన్నాడా అండీ?" అని నన్నే అడిగేవారు. నేను ఫలానా అని చెప్తే "అయ్యో, మీరు పెద్దవారు, కూర్చోండి కూర్చోండి" అని కుర్చీ లాగేవారు. పెద్దవారంటే కుర్చీ ఇచ్చి ఓ పక్కన కూర్చోబెట్టడానికి వాడే మాట అని నాకు అప్పుడు తెలిసింది. నా ముందే సంచులు వాడి చేతికి వెళ్లిపోయేవి.

నిరుడు చిన్మయి ఈ కొత్త గది సంగతి తెచ్చింది. జూబ్లీహిల్స్‌లో చిన్న చోటు తీసుకుంది. జనం వచ్చి కూర్చుని, కాఫీ తాగుతూ తాతగారి రికార్డులు వింటారు. రికార్డులన్నీ అక్కడికి మారిపోతాయి. "ప్లేస్ చిన్నది అంకుల్. కలెక్షన్ చూసుకోవడానికి ఒక్కరు చాలు. ఎవరన్నది నానమ్మ డిసైడ్ చేస్తుంది. నేనైతే అడగలేను బాబూ," అని నవ్వేసింది. నవ్వడం ఆ పిల్లకి తేలిక. నలభై ఆరేళ్లుగా నేను పొద్దున లేచి వెళ్లేది ఆ రికార్డుల దగ్గరికి. అవి వాడితో వెళ్లిపోతే, నేను మోతీనగర్‌లో బాల్కనీలో కూర్చుని పక్కింటివాళ్ల బట్టలు ఆరడం చూడాలి.

సామాను సర్దుతుంటే అనసూయమ్మగారి బీరువాలో, పట్టుచీరల మధ్య, మరో రికార్డు బయటపడింది. కంపెనీ అచ్చు వేసింది కాదు. అల్యూమినియం రేకు మీద నల్లటి పూత పూసి, స్టూడియోలో అప్పటికప్పుడు పాటని దాని మీదే కోసి ఇస్తారు. ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు.

అనసూయమ్మగారు కోరస్ గాయని. వందల పాటల్లో ఆవిడ గొంతు ఉంది, ఏ పాటలోనూ ఆవిడ గొంతు ఒక్కటే లేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక్క సినిమాకి ఒక్క పాట ఒంటరిగా పాడారు. సినిమా ఆగిపోయింది, టేపు ఎవరో చెరిపి వాడుకున్నారు. ఆ రోజు రికార్డింగులో కూర్చున్న పెద్దాయన తన కోసం ఒక్క ప్రతి కోయించుకున్నారట. మరుసటేడాది ఆవిడనే పెళ్లి చేసుకున్నారు. ఇలాంటి రేకు ముల్లు పెట్టినప్పుడల్లా అరుగుతుంది, అందుకని ఆయన ఆవిణ్ణి కూడా విననివ్వలేదు. ఇప్పుడు దానినిండా తెల్లటి పొర, బూజులా.

"నాకు ఎనభై నాలుగు త్రినాథూ. నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు లేదు. ఒక్కసారి విని పోవాలని ఉంది," అన్నారు ఆవిడ.

నేను రెండు చేతులూ చాచాను. ఆవిడ ఆ రికార్డు తీసుకెళ్లి హనుమంతు చేతుల్లో పెట్టారు.

"నువ్వు కడుగు నాయనా. త్రినాథు పక్కన ఉంటాడు."

పక్కన! చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

మధ్యాహ్నం మేడమీద ఇద్దరమే ఉన్నాం. వాడు తెల్లటి తువ్వాలు పరిచి, రికార్డు దాని మీద పెట్టి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాడు.

"బూజు పట్టింది సార్. ఉత్త నీళ్లతోని పోదనుకుంట," అని స్పిరిట్ సీసా అందుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మామూలు రికార్డు మీద కాస్త స్పిరిట్ తగిలితే ఏమీ కాదు, జిడ్డు పోతుంది. ఈ పూత రేకు మీద మాత్రం స్పిరిట్ పడకూడదు. పూత మెత్తబడి గాడులన్నీ అలికినట్టయిపోతాయి. ఒక్క తుడుపు చాలు, గొంతు లేదు, ఏమీ లేదు. మద్రాసులో నేను చేరిన కొత్తలో ఇలాంటి రేకు దగ్గరికి స్పిరిట్ దూది తీసుకెళ్తే పెద్దాయన లాగి చెంప మీద కొట్టారు. ఆయన నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. కాబట్టి నాకు తెలుసు. హనుమంతుకి తెలియదు, ఎందుకంటే ఇలాంటి రేకు వాడు ఎప్పుడూ చూడలేదు. లక్క రికార్డులకీ స్పిరిట్ పడదు, అవైనా ముట్టుకోనిచ్చి ఉంటే ఊహించేవాడు. ముట్టుకోనివ్వనిది నేనే.

వద్దు అంటే చాలు. రెండక్షరాలు.

నేను అనలేదు. మాట రాక కాదు, మరచిపోయీ కాదు. అందులో ఉన్నది ఎవరి గొంతో తెలుసు, అది ఇంకెక్కడా లేదని తెలుసు. అయినా నా బుర్రలో తిరుగుతున్నది ఒక్కటే. ఇది వీడి చేతిలో పోతే, అమ్మగారు ఇక జన్మలో వీడి చేతికి రికార్డు ఇవ్వరు. తాళంచెవి ఎవరిదన్న ప్రశ్నే ఉండదు. నేను పాడుచెయ్యడం లేదు కదా, వాడే చేస్తున్నాడు కదా, నేను పక్కన ఉన్నానంతే. పక్కనే కదా ఉండమన్నారు!

పైగా ఇంకో పని కూడా చేశాను. పదిహేనేళ్లలో వాణ్ణి ఒక్కసారీ మెచ్చుకోనివాణ్ణి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నీ చెయ్యి మంచిదయ్యా హనుమంతూ. కానియ్యి," అన్నాను. దూది చుట్ట కూడా వాడివైపు తోశాను. నవ్వాను.

హనుమంతు దూది తడిపాడు. రికార్డు మీదకి వంగాడు. చేతిని అలాగే గాలిలో ఆపి, తలెత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను నవ్వుతూనే ఉన్నాను.

వాడు దూది తీసుకెళ్లి కిటికీ అవతల పడేశాడు. సీసాకి మూత బిగించి, అలమర పైఅరలో పెట్టాడు. బ్యాటరీ నీళ్లు, చుక్క సబ్బు, కుంచె తెచ్చుకుని కూర్చున్నాడు. రెండు గంటలు పట్టింది. ఆ తెల్లపొర కొంచెం కొంచెంగా వదిలింది, మొత్తం వదల్లేదు. నేను కుర్చీలోంచి లేవలేదు. నా నవ్వు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున అందరం గదిలో చేరాం. చిన్మయి పాట కంప్యూటరులోకి ఎక్కేలా వైర్లు కలిపింది. హనుమంతు ముల్లు మీద బరువు తగ్గించి, నన్నొకసారి చూసి, ఇంకాస్త తగ్గించి, మెల్లగా దించాడు. ముందు వాన పడ్డట్టు చప్పుడు. ఆ చప్పుడులోంచి ఒక పిల్ల గొంతు లేచింది. సన్నగా, కొంచెం బెదురుగా, పల్లవి రెండోసారి వచ్చేసరికి బెదురు తీరిపోయి. చిన్మయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అనసూయమ్మగారు ఏడవలేదు. తల ఒక పక్కకి వంచి, పరీక్ష పెట్టేవాళ్లలా విన్నారు.

"రెండో చరణంలో శ్రుతి తగ్గింది," అన్నారు పాట అయ్యాక. మా అందరి వైపూ చూసి, "అయినా బాగానే పాడేదాన్ని కదా?" అన్నారు.

"మళ్లీ పెట్టాల్నా అమ్మా?" అన్నాడు హనుమంతు.

"వద్దు, అరుగుతుంది." అని ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఒరే నాయనా, నిన్న చెప్పడమే మరిచాను. దీనికి స్పిరిట్ తగలకూడదని ఆయన వెయ్యిసార్లు చెప్పేవారు. నువ్వేమీ పెట్టలేదు కదా?"

"లేదమ్మా. సారు వద్దన్నరు."

ఆవిడ నావైపు తిరిగారు. "ఇంకేం, త్రినాథుకి తెలుసు కదా. అందుకే నిన్ను పక్కన ఉండమన్నాను."

ఏదో పని ఉన్నట్టు కిందికి దిగిపోయాను. హనుమంతు కారు తియ్యడానికి వచ్చేదాకా పోర్టికోలో నిలబడి, వాడి దారికి అడ్డం వెళ్లాను.

"నేనెప్పుడు వద్దన్నానయ్యా? కానియ్యమన్నాను. ఎందుకా అబద్ధం?"

"అబద్ధం గాదు సార్."

"మరి?"

వాడు కాస్త సిగ్గుపడ్డాడు. తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మీరు నోటితోని ఎన్నడన్న చెప్పిన్రా సార్? పదిహేనేండ్ల సంది మీ మొకం జూసే నేర్సుకున్న. నేను పని మంచిగ జేస్తుంటే మీ మొకం మాడ్తది. తప్పు జేస్తుంటే జర ఖుషీగ కనబడ్తరు. కొబ్బరినూనె దీసిన దినం పేపరెనక ఎంత ఖుషీగున్నరో! గట్లనే బరువు గూడ, మీ మొకం మాడేదాంక తగ్గించుకుంట పోత. నిన్న అయితే మీరు నవ్విన్రు. చెయ్యి మంచిదన్నరు. కుర్సీ దగ్గరికి జరిపిన్రు. సారు గింత ఖుషీ అయిండంటే, నేను చేసేది ఎంత పెద్ద తప్పో అని సమజైంది."

వెక్కిరింపేమో అని వాడి కళ్లలోకి చూశాను. వెక్కిరింపు లేదు. ఉంటే ఎంత బాగుండేది!

"అంతా తెలిసి కూడా కోపం రాలేదా నీకు?"

"కోపమేంది సార్. ఒక్కొక్క గురువు ఒక్కొక్క తీరుగ చెప్తడు," అని కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ వారమే అనసూయమ్మగారు తాళంచెవి హనుమంతుకి ఇమ్మన్నారు. నా జేబులోంచి తీసి నేనే ఇచ్చాను, ఆవిడ చూస్తుండగా. వాడు రెండు చేతులతో తీసుకుని, "ఒక్క మాటమ్మా. సారు రోజు అచ్చి నా ఎదురుంగ కూసోవాలె. లేకుంటే నాతోని గాదు," అన్నాడు. చిన్మయి కళ్లు మళ్లీ చెమర్చాయి. గురుభక్తి అనుకుంది. అది ఏ భక్తో వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పుష్పవల్లికి మాత్రం అంతా చెప్పాను. నా చేతిలోని కాఫీ గ్లాసు లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, "వెళ్లండి. ఆలస్యమవుతుంది," అంది.

ఇప్పుడు రోజూ పదిగంటలకి జూబ్లీహిల్స్ వెళ్తున్నాను. వాడి బల్లకి ఎదురుగా నాకో కుర్చీ ఉంది. లక్క రికార్డుల బీరువాలు తెరిచి ఇచ్చేశాను. బరువు ఎంత పెట్టాలో, ఇరుసులో నూనె ఎప్పుడు వెయ్యాలో నోటితోనే చెప్తున్నాను. వాడు శ్రద్ధగా వింటాడు, "అట్లనే సార్" అంటాడు, ఆ తర్వాత తలెత్తి నా ముఖం చూసి గానీ చెయ్యడు. నా మాట మీద వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ నమ్మకం అడిగే హక్కు నాకూ లేదు.

నిన్న ఎవరో ఇచ్చి వెళ్లిన రికార్డు కడుగుతున్నాడు. చాలా పాడైన రికార్డు. కుంచె తిప్పుతూ మధ్యలో తలెత్తాడు. నేను ముఖం మామూలుగా పెట్టాలని చూశాను. సంతోషంగా పెడితే వాడు ఆపేస్తాడు, పని చెడిపోతుంది. కానీ ఏం పెట్టినా నా ముఖం నా మాట వినడం లేదు. ఆ చెయ్యి చూస్తే, ఆ కుంచె గాడి వెంట తిరిగే తీరు చూస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కడుపు మండిపోతుంది. ముఖం దానంతటదే మాడిపోయింది. హనుమంతు హాయిగా ఊపిరి పీల్చుకుని, తల వంచుకుని కడగడం మొదలుపెట్టాడు.